విలన్ కావలెను

ఊరి నాటక సమాజంలో ప్రెసిడెంటు పని దండ వేయించుకోవడం. దర్శకుడి పని అలగడం. మిగతా పనంతా సెక్రటరీ గారిదే, అంటే డబ్బు.

మామూలు రోజుల్లో ఆయన్ను గుర్తుపట్టలేం. బీమా ఏజెంటో, రిటైరైన డ్రాయింగు మాస్టారో అయివుంటారు. హైస్కూలు ఆవరణలో, అద్దె మైకుతో వేసిన నాటిక ఏ కారణం చేతనో బాగా పండిందనుకోండి, మర్నాడు కాఫీ హోటల్లో ఆ మాట అననే అంటారు: "దీన్ని రవీంద్రభారతిలో వెయ్యాలోయ్!" ఇక ఊళ్లో ఏ జేబుకీ భద్రత లేదు.

చంకలో రశీదు పుస్తకం ఉంటుంది గానీ అసలు ఆయుధం చరిత్ర. 1885లో సురభి గ్రామంలో ఆడిన కీచకవధతో మొదలుపెడతారు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ప్రదర్శన దగ్గర ఆగి, "ఆనందగజపతి మహారాజు లాంటి వారుండబట్టి కదండీ!" అంటూ మీ వంక అదోలా చూస్తారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టేసరికి మీరు అయిదొందలు తీసివుంటారు. వెయ్యినూటపదహార్లు ఇచ్చేస్తే బళ్లారి రాఘవ దాకా వెళ్లకుండా లేస్తారు.

ఆయన్ను అని లాభం లేదు. హాలు అద్దె, డిపాజిట్టు, సెట్టింగు మోసుకెళ్లే వ్యాను, లైటింగు, మేకప్పు, అందరికీ భోజనాలు, పైఊరి నుంచి వచ్చే నటికి పారితోషికం (అది ముందే ఇవ్వాలి, న్యాయం కూడానూ). టికెట్టు పెడదామని ఓ కుర్రాడంటే ఆయన జాలిగా నవ్వారు. సినిమాకి బ్లాకులో కొనే మనవాళ్లు నాటకానికి పాసు అడుగుతారు, అదీ ముందు వరసలో.

మా వైపు సెక్రటరీ గారొకరు పట్టుకున్న నాటిక కౌలు రైతు కథ. అందులో రైతును ముంచేది రైస్ మిల్లు యజమాని. చందాకి మొదటి గడప రైస్ మిల్లే అయింది.

"ఇవ్వడానికేం గానీ మాస్టారూ, మిల్లువాణ్ణి మరీ అంత దుర్మార్గుణ్ణి చేశారేంటి?"

"అయ్యో, అది మీరు కాదండీ! అసలు మిల్లనేదే తీసేస్తున్నాం."

పాతికవేలు. ఆ రాత్రే రచయిత తలుపు తట్టారు. విలన్ ఎరువుల డీలరయ్యాడు. వారం తిరక్కుండా ఎరువుల డీలరు సావనీరుకి వెనక అట్ట ప్రకటన ఇచ్చాడు. విలన్ వెంచర్లు వేసేవాడయ్యాడు. వెంచరాయన యాభైవేలిచ్చి, బావమరిది కొడుక్కి వేషం కూడా అడిగాడు. ప్రైవేటు కాలేజీ ఫీజులవైపు మళ్లిద్దామనుకునేలోపు కాలేజీ వారి చెక్కు వచ్చిపడింది. రచయిత మొదట్లో పోట్లాడాడు, తర్వాత బతిమాలాడు. ఆఖరికి విలన్ పేరున్న చోటల్లా చుక్కలు పెట్టి రాయడం నేర్చుకున్నాడు.

మిగిలింది వాన ఒక్కటే. వరుణదేవుడు చందా ఇవ్వడు, అలిగి వాపసూ అడగడు. కాకపోతే హీరో విలన్ చొక్కా పట్టుకునే సీను ఎలా చేయించాలో తెలీక దర్శకుడు మళ్లీ అలిగాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. ఠాగూర్ శతజయంతికని కట్టి 1961లో ప్రారంభించిన హాలు. వేదిక నిండా దాతలు. ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫొటో, "రెండే రెండు ముక్కలు". వెంచరాయన రెండు ముక్కల్లో ఆయన బాల్యం, కొత్త లేఅవుటు రెండూ పట్టాయి. పదింటికి హాలు ఖాళీ చేయాలి. గంట నాటికను అరగంటకి కోశారు. రైతు అప్పు చేసే సీను ఎగిరిపోయి, తీర్చలేక ఏడ్చే సీను మిగిలింది. బావమరిది కొడుకు వేషం మాత్రం అక్షరం పోకుండా ఆడింది.

సెక్రటరీ గారు వింగులో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. ఆయన జేబులోంచి ఎంత పోయిందో రశీదు పుస్తకంలో ఉండదు, వాళ్లావిడకి తెలుసు. ఇలాంటి మనిషి లేని ఊళ్లో నాటకమూ లేదు, ఇది మాత్రం ఒప్పుకోవాలి.

ఈమధ్య కొత్త నాటిక పట్టారు. విలన్ ఎవరన్నది ఇంకా ఖరారు కాలేదట. మీ గుమ్మంలోకి వస్తే ఇవ్వననే ముందు కాస్త ఆలోచించుకోండి. ఇవ్వనన్న వాళ్లని ఆయన ఏమీ అనరు, "తమరు చేసే వ్యాపారం ఏమిటండీ?" అని మాత్రం అడిగి రాసుకుంటారు.