‘అనుమతించు’ మహావాక్యానికి దెందులూరు టీక

మూలం: “మీ గోప్యత మాకు ప్రాణప్రదం. మెరుగైన అనుభవం కోసం మీ కాంటాక్టులు, లొకేషన్, మైక్రోఫోన్ అనుమతించండి.”

అవతారిక: దెందులూరులో ఒకానొక గృహస్థు రాహుకాలం తెలుసుకోగోరి పంచాంగం యాప్ దింపుకొనగా, తిథి కంటే ముందు ఈ వాక్యం వెలసినది. కర్త అజ్ఞాతుడు.

టీక: ‘మీ’, ‘మాకు’ సుగమములు. ‘ప్రాణప్రదం’ ఏ అలంకారమని శంక. అతిశయోక్తి అందామంటే దానికి కొంతైనా ఆధారముండాలి. శుద్ధాబద్ధాన్ని లాక్షణికులు అలంకారంగా లెక్కించలేదు.

‘లొకేషన్’: ఇందులో న్యాయముంది. సూర్యోదయం ఊరిని బట్టి, రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి మారతాయి. అయితే ఏలూరు ప్రాంతమని తెలిస్తే చాలదా, మా పెరటి గుమ్మం దాకా రావాలా? 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుంచి ఉజ్జాయింపు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలుంది.

‘కాంటాక్టులు’: రాహుకాలం మా బావమరిదికీ వర్తించుగాక, అతని నంబరుతో పనేమి?

వివరాలడగడం కొత్త కాదు గనుక ఇక్కడ శాసన ప్రస్తావన కొంత అవసరం. మా నియోజకవర్గంలోనిదే పెదవేగి, ఒకప్పటి వేంగి. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులు భూదానం చేస్తే రాగిరేకుల మీద పుచ్చుకున్నవాడి గోత్రం, తండ్రి, తాత, చదివిన చదువు, నేలకు నాలుగు దిక్కుల ఎల్లలు చెక్కించేవారు. రేకులకు చిల్లుపెట్టి, కడియం దూర్చి, అతుకు మీద వరాహంతో ‘శ్రీ త్రిభువనాంకుశ’ ముద్ర వేసేవారు. ముద్ర పడ్డాక కొత్త రేకు దూర్చడం అంత సులువు కాదు. మన యాప్ షరతులకు అప్‌డేటుకో రేకు పెరుగుతుంది. పైగా ఇంత వివరమూ రాసిన రేకులు ఎవరి చేతికిచ్చారు? ఎవరి వివరమో వారి చేతికే. రాజు గోత్రం అడిగి పొలం ఇచ్చాడు. వీరు గోత్రం లాక్కుని ప్లాట్ల ప్రకటనలు ఇస్తున్నారు.

ప్రకృతానికి వద్దాం. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని మన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన. అందులో రెండో సగమే నేటి చట్టం కూడా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆరో సెక్షన్ ఒక ఉదాహరణ ఇచ్చింది: వైద్య సలహా యాప్‌కు కాంటాక్టులిస్తానని ఒకామె ఒప్పుకున్నా, వైద్యానికి అవి అక్కరలేదు గనుక ఆమె అనుమతి అంతదూరం పోదు.

ఇక నవ్వులాట కాదు. అప్పు యాప్‌లు కాంటాక్టులు లాగి, వాయిదా తప్పినవాళ్ల చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీస్తే 2020 డిసెంబరులో తెలంగాణలో ప్రాణాలు పోయాయి. అప్పు యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది 2022 సెప్టెంబరులో. అందరూ నొక్కింది ఈ ‘అనుమతించు’ మీటే.

తాత్పర్యం: మనపై నిఘా వేసే వస్తువును మన కాపలాకు పెట్టుకోవడమే ఉత్తమం. అటక మీది పాత ఫోను ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, సిమ్ తీసి, నిఘా కెమెరా యాప్ ఒక్కటే వేసి, రొయ్యల చెరువు షెడ్డులో వైఫైకి కలిపి ఏరేటర్ల వైపు తిప్పండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ రెక్కలు తిరుగుతున్నాయో లేదో మంచం మీంచే తెలుస్తుంది. రొయ్యకు గోప్యత పట్టింపు లేదు.

చేతిలో ఉన్న ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పర్మిషన్ మేనేజర్‌లో కాంటాక్టుల కింద ఎవరెవరున్నారో ఈ రాత్రే చూడండి. పంచాంగం కనబడితే అనుమతి పీకేయండి. రాహుకాలం ఎప్పటి వేళకే వస్తుంది.