ఫలితం మాది, నిష్కామం మీది

అప్రైజళ్ల కాలం రాగానే ఐటీ కారిడార్‌కు వైరాగ్యం కూడా వచ్చేసింది. హైక్ లేదన్న మెయిల్ వెనకే ‘అంతశ్శాంతి శిబిరం’ ఆహ్వానం. ఏసీ హాల్లో కోచ్ గారు గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం అందుకుంటారు: పని నీది, ఫలం మీద ఆశ వద్దు. చప్పట్లు. హెచ్‌ఆర్ వారివి కాస్త గట్టిగా. అదే కంపెనీ మార్కెట్లో లిస్టయి ఉంటే, మొదటి మూడు త్రైమాసికాల్లో ఏది ముగిసినా 45 రోజుల్లోగా ఫలితాలు ప్రకటించి తీరాలన్నది సెబీ నిబంధన. లాభం తగ్గిందేమని నిలదీసే ఫండ్ మేనేజర్‌ను కళ్లు మూసుకుని శ్వాస గమనించమని ఎవరూ అనరు.

పోనీ, గీత దగ్గరికే వెళదాం. ఆ మాట చెప్పిన కృష్ణుడు అంతకుముందు ఏం చేశాడో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు ఊరూరా మారుమోగిన నేల ఇది. కౌరవ సభకు వెళ్లి పాండవుల వాటా అడిగాడు. అయిదూళ్ల దాకా దిగి బేరమాడాడు. ‘పన్నెండేళ్లు అడవుల్లో ఎలాగూ అలవాటైంది, రాజ్యం మీద మమకారం వదిలేస్తే మనశ్శాంతి’ అని ధర్మరాజుకు శిబిరం పెట్టలేదు. రావలసింది అడిగి, కాదనిపించుకున్నాకే రథమెక్కాడు. పైగా ఆ రథం మీద వైరాగ్యం పుట్టింది అర్జునుడికే. విల్లు పడేసి, బిచ్చమెత్తుకు బతకడం మేలన్నాడు. ఆ వైరాగ్యాన్ని చీవాట్లు పెట్టి వదిలించడంతోనే కృష్ణుడి బోధ మొదలవుతుంది. కోచ్ గారి స్లైడుల్లో ఈ భాగం ఎందుకో ఉండదు.

ఒత్తిడి తగ్గుతుంది కదా, తప్పేముందంటారు. తగ్గనివ్వండి, ధ్యానంతో నాకు పేచీ లేదు. గోయెంకా సంప్రదాయపు విపశ్యన శిబిరాలు పది రోజులు భోజనం, బస ఇచ్చి రుసుమే అడగవు, పాత సాధకుల విరాళాలతో నడుస్తాయి. నా పేచీ ఆ ఒత్తిడి పుట్టించిన చేతులే మందు పంచడంతో. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో నారాయణమూర్తి గారన్నారు. 2025 వచ్చేసరికి ఎల్ అండ్ టీ చైర్మన్ నోట అది 90 అయింది. గంటలు తగ్గించరు, మనుషులను పెంచరు. నిద్ర చాలక నలిగిపోతున్న మనిషితో నీ బాధకు నీ కోరికే కారణమంటారు. అది బోధ కాదు, నింద. సిగ్గుండాలి. సిద్ధార్థుడు వదులుకున్నది తన రాజభవనాన్ని, పక్కవాడి జీతాన్ని కాదు.

అందరూ ఆశపడితే సంస్థ నడిచేదెలా అని ఇంకో ప్రశ్న. భేషుగ్గా నడుస్తుంది, వైరాగ్యం పైనుంచి మొదలుపెడితే. వచ్చే శిబిరానికి ముందు డైరెక్టర్లను పంపండి. స్టాక్ ఆప్షన్ల కాగితాలు చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి లోపలికి రమ్మనండి.