సెట్‌గానే వస్తుందండీ!

ఈ దేశంలో మనిషి పోయాడని రాసివ్వాలంటే డాక్టరు కనీసం నాడి అయినా పట్టుకుని చూడాలి. కారు సర్వీస్ అడ్వైజరుకి ఆ శ్రమ కూడా లేదు. విరిగిన ఏసీ నాబ్‌ని మీరు అరచేతిలో పెట్టి చూపిస్తుంటే ఆయన చేతిలో ఉన్న ట్యాబ్ వంకే చూస్తాడు. వేలితో రెండుసార్లు పైకి తోసి, ఒకసారి నిట్టూర్చి తీర్పు చెబుతాడు. మన ఖరగ్‌పూర్‌లో ఏ తీర్పయినా మూడు భాషల్లో రావాలి కాబట్టి ఇదీ అలాగే వస్తుంది: "అలగ్ సే నహీ ఆతా సార్. ఆలాదా పావా జాయ్ నా దాదా. విడిగా రాదండీ, సెట్‌గానే వస్తుంది."

సెట్టంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. మూడు నాబులు, వాటి వెనక స్విచ్చులు, ముందున్న నల్లటి పలక, లోపలి బల్బులు, వీటన్నిటినీ మోసే సర్క్యూటు బోర్డు. ఇందులో పోయింది ఒక నాబ్ వెనకుండే అరంగుళం ప్లాస్టిక్ గొట్టం. స్విచ్చు బాగుంది, బోర్డు బాగుంది, బల్బు వెలుగుతోంది. నాబ్‌కి కూడా ముఖం నిగనిగలాడుతూనే ఉంది. తిప్పితే తిరుగుతుంది, కాకపోతే దాని వెనకున్న కడ్డీ తిరగదు. మే నెల మధ్యాహ్నం ఖరిదా రైలు గేటు దగ్గర గూడ్సు బండి కోసం ఇరుక్కుపోయి, ఏసీ పెంచుదామని ఆ నాబ్ గిరగిరా తిప్పుతూ కూర్చున్నవాడికి తప్ప ఆ బాధ ఇంకెవరికీ అర్థం కాదు.

నాబ్ పోతే ప్యానెల్ మార్చాలన్న సూత్రం అంత గొప్పదే అయితే ఊరంతటికీ వర్తింపజేద్దాం. మన స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పిల్లలకి జనరల్ నాలెడ్జిలో బట్టీ పట్టించాం. తరవాత గోరఖ్‌పూర్ దాటేసింది, 2023లో హుబ్బళ్ళి వాళ్ళు 1507 మీటర్లు కట్టి ఇద్దరి నోళ్ళూ మూయించారు. సరే, ఆ ప్లాట్‌ఫారం మీద ఒక పలక పగిలిందనుకోండి. "విడిగా రాదండీ, ప్లాట్‌ఫారం సెట్‌గానే వస్తుంది" అని ఏ ఇంజనీరయినా అంటే రైల్వే వాళ్ళు ఆయన్ని ఎక్కడికి పంపుతారో మీకు తెలుసు. కార్ల షోరూములో అదే మాట అన్నవాణ్ణి మాత్రం కస్టమర్ కేర్ అంటున్నాం.

పోనీ అక్కడితో ఆగుతారా? సెట్టు వద్దు, నేనే అతికించుకుంటానని చూడండి. అడ్వైజరు గొంతు తగ్గిస్తాడు, పక్క ఇంట్లో చావు కబురు చెబుతున్నట్టు. "వారంటీ పోతుంది సార్." ఆ కారుకి వారంటీ పోయి ఏళ్ళు గడిచాయి. వారంటీ ఉన్నరోజుల్లో ఇదే నాబ్ వదులయిందని తీసుకెళితే "నార్మల్ వేర్ అండ్ టేర్, వారంటీ కిందికి రాదు" అన్నది కూడా ఈ కౌంటరే. ఉన్నప్పుడు పనికిరాలేదు, పోయాక ఇంకా పోతూనే ఉంది. ఇలాంటి అమరత్వం మన పురాణాల్లో అశ్వత్థామ ఒక్కడికే ఇచ్చారు.

ఇదంతా కౌంటరు దగ్గరి కుర్రాడి తప్పు కాదు, అతని ట్యాబ్‌లో లేని వస్తువు అతని లోకంలోనే లేదు. కథ పైనుంచి నడుస్తోంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని, రిపేరుకి కావలసిన సమాచారం బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని, కారు కొన్నవాణ్ణి జీవితాంతం తమ గుమ్మానికే కట్టేస్తున్నారని కమిషన్ తేల్చింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, వెళ్ళకుండా ఎలా ఉంటాయి? 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' అని ఒక కమిటీ వేసింది, ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, ఇంట్లో వాడే మిషన్లు, వాహనాలు అన్నీ అందులోకి వస్తాయట. మన వస్తువుని మనం బాగుచేసుకునే హక్కు మనకుందని చెప్పడానికి ఢిల్లీలో ఒక కమిటీ కావలసి వచ్చిందని మన తాతలు వింటే నవ్వి చచ్చేవారు.

తాతలంటే ఎవరు? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లోంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికోసం వచ్చి ఇక్కడే వేళ్ళూనుకున్నవాళ్ళు. ఫిట్టర్లు, టర్నర్లు, కమ్మర్లు, ఖలాసీలు. ఖరిదాలో, మథురాకాటిలో, నింపురాలో తెలుగింటి గడప ఏది తొక్కినా లోపల ఒక వర్క్‌షాపు కథ ఉంటుంది. 1927లో ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో మనుషుల్ని తగ్గిస్తామంటే పెద్ద సమ్మె లేచింది. దాన్ని నడిపించినవాళ్ళలో మన వి.వి. గిరి గారు ఒకరు, తరవాత 1969లో రాష్ట్రపతి అయినాయన. మా చేతుల్లో పని తీసేయొద్దని తాతలు జీతాలు పోగొట్టుకుని వీధిన పడ్డారు. వాళ్ళ మనవలు ఇవాళ ఎదురు డబ్బిచ్చి మరీ ఆ చేతులకి పని లేకుండా చేసుకుంటున్నారు. పైగా మెకానికల్‌లో బీటెక్! థర్మోడైనమిక్స్‌లో డిస్టింక్షన్ వచ్చిన అల్లుడుగారు ఏసీ నాబ్ పట్టుకుని నిటారుగా ముందుకి లాగితే ఊడి వస్తుందని తెలియక సర్వీసు సెంటరుకి అపాయింటుమెంటు పెట్టుకుంటాడు.

అసలు అది ఎందుకు విరుగుతుందో ఒక్క నిమిషం చూస్తే సెట్టు గుట్టు బయటపడుతుంది. స్విచ్చు కడ్డీ పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక పక్క చదునుగా చెక్కి ఉంటుంది. నాబ్ వెనక గొట్టం దానిమీద బిగువుగా కూర్చోవాలి. బిగువు కోసం చాలా నాబుల లోపల ఒక చిన్న ఉక్కు స్ప్రింగ్ పెడతారు. అది రాత్రీ పగలూ, కారు నడిచినా నడవకపోయినా గొట్టాన్ని బయటికి నెడుతూనే ఉంటుంది. ఇక ఆ గొట్టం తయారైన తీరు చూడండి: కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్ళి, మధ్యలో ఉన్న సూది చుట్టూ రెండు పాయలుగా చీలి, అవతలి వైపు మళ్ళీ కలుస్తుంది. కలిసిన చోట సన్నని గీత. గొట్టం మొత్తంలో బలహీనమైనది ఆ గీతే. ఏళ్ళ తరబడి ఎండలో అద్దాల వెనక ఉడికాక, సరిగ్గా ఆ గీత వెంబడి నిలువునా చీలుతుంది. మీరు గట్టిగా తిప్పారనీ, మీ ఆవిడ గట్టిగా తిప్పిందనీ ఇంట్లో జరిగే విచారణలన్నీ అనవసరం. అది డిజైన్ టేబుల్ మీదే చీలడం మొదలెట్టింది.

చీలినదాన్ని దగ్గరికి నొక్కి పట్టుకునే రింగు ఒకటి పడితే చాలు. ఇది కొత్త విద్యేం కాదు. మా వీధిలో వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నాబ్ చూసి, కళ్ళద్దాలు పైకి తోసి, "ఏటి బాబూ, ఊర్లో బండి చక్రానికి ఇనప పట్టా ఎలాగేస్తారో సూడలేదా?" అన్నారు. ఆకులు, పూటీలు బిగించిన కొయ్య చక్రం మీదికి కొలతకి కాస్త తక్కువైన పట్టాని ఎర్రగా కాల్చి ఎక్కిస్తారు, నీళ్ళు పోస్తారు, అది చల్లారి ముడుచుకుని చక్రాన్నంతటినీ ఒక్క పట్టు పడుతుంది. ఆవిరి ఇంజన్ల చక్రాలకి ఉక్కు టైర్లు ఎక్కించింది కూడా ఈ లెక్కతోనే. శ్రీకాకుళం పల్లెలో కమ్మరికి తెలుసు, ఇక్కడ రైల్వేకి తెలుసు. లక్షలు పోసి కారు కొన్న మనకి మాత్రం "విడిగా రాదు" అని తెలుసు. "ఇంజను చక్రానికి టైరెక్కించినోళ్ళం, ఈ గుండీకి రింగెక్కించలేమేటి?" అని ఆయన నవ్వితే నాకు ఆ నవ్వులో రైల్వే పింఛను కన్నా ఎక్కువ ధీమా కనిపించింది.

ఇక రెండో ముఠా సంగతి. షోరూము మీద కోపంతో ఫోను తెరిస్తే అక్కడ వీడియో గురువులు కాచుకుని ఉంటారు. "అయిదు నిమిషాల్లో, పది రూపాయల్లో!" వెనక డప్పులు, ముందు సూపర్ గ్లూ, పక్కన వంటసోడా. గ్లూ చుక్క మీద సోడా చల్లగానే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. రాయిలా గట్టిపడటమే దాని జబ్బని ఏ గురువూ చెప్పడు. లోపలి స్ప్రింగ్ నెడుతూనే ఉంటుంది, ప్లాస్టిక్ కొంచెం సాగుతూనే ఉంటుంది, రాయి మాత్రం సాగదు, టప్పుమని ఊడుతుంది. అంతకన్నా ఘనులు నాబ్‌ని కడ్డీ మీద ఉంచే గ్లూ పోస్తారు. అది నీళ్ళలా పలచన, కడ్డీ వెంబడి జారి స్విచ్చు కడుపులోకి వెళ్ళి అక్కడ సెటిలవుతుంది. దాని ఆవిరి తగిలి నిగనిగలాడే నల్ల ప్యానెల్ మీద తెల్లటి బూజులాంటి పొర. ఇప్పుడు నాబూ తిరగదు, కడ్డీ తిరగదు, ప్యానెల్‌కి బొల్లి. అడ్వైజరుగారి మాట అక్షరాలా నిజమైంది: సెట్టే మార్చాలి! కమీషన్ తీసుకోకుండా షోరూముకి ఇంత సేవ చేస్తున్న ఈ గురువులకి ఏటా దీపావళి స్వీటు ప్యాకెట్టయినా పంపడం కంపెనీల కనీస ధర్మం.

పని తెలిసినవాడు చేసేది చూడ్డానికి చప్పగా ఉంటుంది, వీడియోకి పనికిరాదు. నాబ్ ఊడదీసి, స్ప్రింగ్ పక్కన పెట్టి, గొట్టాన్ని స్పిరిట్‌తో తుడుస్తాడు. చేతి జిడ్డు ఉంటే ఏదీ అంటదు. బయటివైపు గరుకు కాగితంతో రుద్దుతాడు. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ పలచగా పూసి, చీలిక దగ్గరికి వచ్చేలా రింగు తొడుగుతాడు. రింగు ఎక్కడ దొరుకుతుంది? చచ్చిన ట్రాన్సిస్టర్ యాంటెన్నాలో ఒకదాంట్లో ఒకటి దూరే లోహపు గొట్టాలుంటాయి, కొలతకి సరిపోయినదాన్ని చిన్న ముక్క కోస్తే సరి. అదీ లేదంటే సన్నని రాగి తీగ దగ్గర దగ్గరగా బిగించి చుట్టి, పైన ఎపాక్సీ పూసినా పని జరుగుతుంది. రింగుకి చుట్టూ చోటుందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే నాబ్ లోపలికి దిగదు. ఆ తరవాత మర్నాటి దాకా ముట్టుకోకూడదు. మొత్తం రిపేరులో కష్టమైన ఘట్టం ఇదే, మన ఇళ్ళల్లో ఆరుతున్న వస్తువుని "ఆరిందా?" అని వేలెట్టి చూడనివాళ్ళు ఇంకా పుట్టలేదు.

ఇంకో మాట, దీన్ని తమాషా కింద తీసుకోకండి. నాబ్ విరగడానికి ఒక్కోసారి నాబ్ కారణం కాదు. పాత రకం కార్లలో వేడి, చల్లదనం మార్చే నాబ్ వెనక ఒక తీగ ఉంటుంది, అది లోపలెక్కడో ఒక రేకుని లాగుతుంది. దుమ్ము పట్టి ఆ తీగ బిగుసుకుంటే మనం బలం పెడతాం, ప్లాస్టిక్ లొంగిపోతుంది. తీగ సంగతి చూడకుండా రింగు వేస్తే ఈసారి కడ్డీయే విరుగుతుంది. అలాగే యాంటెన్నా ముక్కతో గెలిచాం కదా అని బ్రేకు మీదా, స్టీరింగు మీదా, ఎయిర్‌బ్యాగు మీదా ఎపాక్సీ ప్రయోగాలు చేసే వీరుడెవరైనా ఉంటే దయచేసి ముందు వాళ్ళావిడని అడగాలి. అక్కడ సెట్టంటే సెట్టే, డబ్బు కట్టి దండం పెట్టడమే.

ఇంతకీ నన్ను తొలిచేస్తున్న ప్రశ్న వేరే ఉంది. సెట్టు మార్చినప్పుడల్లా పాత సెట్టు ఎక్కడికి పోతుంది? ఒక నాబ్ చీలిందంటే మిగతా రెండూ, బోర్డూ, పలకా బంగారంలా ఉన్నాయనే కదా. పాతది మాకివ్వండి అని అడిగి చూడండి, అడ్వైజరు మొహంలో మొదటిసారి మానవ సహజమైన కంగారు కనిపిస్తుంది. "అది స్క్రాప్‌లో పోతుంది సార్, మీకెందుకు?" స్క్రాప్ అంటే వైకుంఠం కాదు కదా, దానికీ ఒక చిరునామా ఉంటుంది. ఇక్కణ్ణుంచి లోకల్ ఎక్కితే హౌరా నూటపదిహేను కిలోమీటర్ల చిల్లర, అక్కణ్ణుంచి బస్సులో మల్లిక్ బజార్. కలకత్తాలో పాత కార్ల విడిభాగాలన్నిటికీ పుట్టిల్లు అదే. పైన హెడ్‌లైట్లు దండల్లా వేలాడుతుంటాయి, కింద రేడియేటర్లు దొంతర్లు, నడిచే దారిలో తలుపులు. కంపెనీ కంప్యూటరు విడదీయలేనని చేతులెత్తేసిన కారుని అక్కడ ఒక కుర్రాడు స్టూలు మీద కూర్చుని స్క్రూడ్రైవరుతో నట్టు నట్టుగా విడదీస్తుంటాడు.

విరిగిన నాబ్ తీసి అతనికి చూపించండి. ట్యాబ్ ఉండదు, నిట్టూర్పు ఉండదు. చెయ్యి వెనక్కి చాచి రేకు డబ్బా ఒకటి ముందుకి లాగుతాడు. దాన్నిండా నాబులే, విడివిడిగా. తలెత్తకుండానే అడుగుతాడు:

"కొటా లాగ్‌బే, దాదా?"

ఎన్ని కావాలట!