నీళ్ళకు కాపలా

వచ్చినవాళ్ళంతా ముందు తొట్టెలోకి వంగి చూస్తారు, తర్వాత నా మొహంలోకి చూస్తారు. "చేపలేవండీ?" అంటారు. పక్కింటి శ్రీకాకుళం మేస్టారైతే "ఏటండీ, ఉట్టి నీల్లకి కాపలా కాస్తన్నారా?" అని వాకింగ్‌కి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి పరామర్శిస్తున్నారు.

లైట్లున్నాయి, రాళ్ళున్నాయి, తెల్లటి ఇసకుంది, నురగ తీసే స్కిమ్మర్ రాత్రంతా గుడగుడలాడుతూనే ఉంది. మగపెళ్ళివారు దిగని విడిదింటిలా ఉంది మా హాలు. కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్ళు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం, చేపలు వెయ్యకుండా ఉండటమేనట! చేప వదిలే అమ్మోనియా చేపకే విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చే బాక్టీరియా ఒకటి, ఆ నైట్రైట్‌ని అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి. ఇవి రెండూ రాళ్ళమీద కాపురం పెట్టడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. అంతదాకా వాటికి మేత కావాలిగా? మా అబ్బాయి ఓ పచ్చి రొయ్యని అందులో పడేశాడు, కుళ్ళడానికి. కంటికి కనపడని జీవాలకి రొయ్య. కనపడే నాకు బీరకాయ.

అదలా ఉంచండి, ఉప్పు సంగతి చెప్పాలి. మాది విశాఖపట్నం. డాబా ఎక్కితే సముద్రం. ఆ గాలికి గేటు తుప్పు, గ్రిల్లు తుప్పు, స్కూటరు తుప్పు. అలాంటి ఇంటికి సముద్రపు ఉప్పు సీలు వేసిన బకెట్‌లో విదేశం నుంచి దిగింది. ధర రాయను, ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది. లీటరుకి 35 గ్రాముల లెక్కన వంద లీటర్ల తొట్టెకి మూడున్నర కిలోల పైమాటే.

"నౌపడలో మడుల నిండా ఉప్పుంటే ఇదెందుకురా?" అన్నాను. కల్లుప్పు పనికిరాదట. మడిలో ఉప్పు పేరుకున్నాక మిగిలే చేదునీళ్ళలోనే మెగ్నీషియం చాలామటుకు ఉండిపోతుందట. దాన్ని పారబోసిన ఉప్పు మనకి, దాన్ని మళ్ళీ కలిపిన ఉప్పు చేపలకి. 1854లో అక్వేరియం మీద పుస్తకం వేసిన ఫిలిప్ హెన్రీ గాస్, లవణాలు తూచి కలిపి సముద్రపు నీళ్ళు తయారుచేశాడంటే అర్థముంది. పాపం, ఆయన లండన్‌లో ఉన్నాడు. 1930లో గాంధీగారు దండి దాకా నడిచి పిడికెడు ఉప్పు ఊరికే తెచ్చుకున్నారు. మేం కదలకుండా బకెట్ కొన్నాం, పన్నులతో సహా.

అక్కడితో అయిపోయిందా? తొట్టెలో నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. కాబట్టి తగ్గిన మేరకి ఉప్పులేని నీళ్ళే పొయ్యాలి, అదీ ఆర్వోవి. ఉప్పునీళ్ళ తొట్టె మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మంచినీళ్ళు తాగుతోంది. వేసవి వస్తే చిల్లర్ కూడా కావాలంటున్నాడు. నాకు మాత్రం ఫ్యానే.

మొన్న విసిగిపోయి, "ఒరే, బిందె పట్టుకెళ్ళి బీచిలో ముంచుకొస్తే పోలా?" అన్నాను. వాడు నవ్వలేదు. "ఆ నీళ్ళా నాన్నా? ఊరి మురుగు మోసే గెడ్డ కలిసేది అక్కడే కదా. దూరంగా శుభ్రమైన చోటు వెతికి, పడవెక్కి తెస్తే తప్ప చేపలు బతకవు" అన్నాడు.

సముద్రపు నీళ్ళలో సముద్రపు చేప బతకదని కొడుకు చెప్తుంటే, నాకది వింతగా తోచలేదు. అదే తర్వాత గుచ్చుకుంది. చిన్నప్పుడు ఆ నీళ్ళే నోట్లోకి పోతే ఉమ్మేసి మళ్ళీ దూకేవాళ్ళం. ఇవాళ ఇంట్లో వంద లీటర్లకి పొద్దున్నే పరీక్షలు, రంగులు సరిచూడటం, పుస్తకంలో రాసుకోవడం. బయటున్న దానికి రోజూ బీచి రోడ్డు మీద నడుస్తూ ముక్కు మూసుకోవడమే మా సేవ.

చేపలొచ్చాక తరచూ కొంత నీరు తీసేసి కొత్తది కలపాలట. తీసిన నీళ్ళేం చెయ్యాలంటే, బాత్‌రూమ్‌లో పారబొయ్యడమే అన్నాడు. అక్కణ్ణుంచి కాలవ, కాలవ నుంచి గెడ్డ, గెడ్డ నుంచి సముద్రం. అంత డబ్బు పోసి తెప్పించిన ఉప్పు మా సముద్రంలోకే పోతుందన్నమాట, దార్లో ఊరందరి మురికినీ వెంటేసుకుని. రెండో బకెట్‌కి ఆర్డరు పెట్టేశాడు.