కోతి దగ్గరే ఆగిపోయిన సారు

రాజంపేట ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల ఏదో ఒక టీ అంగడి దగ్గర పరిణామం సారు తప్పకుండా ఉంటాడు. ఆయన ఒక్క మనిషే అనుకోనక్కర్లేదు. రిటైరైన జీవశాస్త్రం అయ్యవారు కావచ్చు, బ్యాంకు ఉద్యోగి కావచ్చు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడైనా కావచ్చు. జాతి మాత్రం ఒకటే, గుర్తుపట్టడం తేలిక. "కోతే మనిషయింటే ఇప్పుడుండే కోతులెందుకు కాల్యా సార్?" అని ఎవరన్నా అన్నారంటే ఆయన చేతిలో టీ గ్లాసు సగం దారిలో ఆగిపోతుంది. గొంతు సవరించుకుని, "మనిషి కోతి నుంచి రాలేదు. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడున్నాడు" అని తేల్చేస్తాడు. అవతలివాడు మాట్లాడకుండా లేచాడంటే ఒప్పుకున్నాడని కాదు, బస్సొచ్చిందని.

సారుకు ఇంత పట్టుదల ఊరికే రాలేదు. 2018లో కేంద్ర విద్యాశాఖ సహాయ మంత్రే డార్విన్ సిద్ధాంతం తప్పన్నాడు. కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదట. మరుసటి ఏడాది జనవరిలో జలంధర్‌ సైన్స్ కాంగ్రెస్‌ వేదిక మీద సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి, డార్విన్ కంటే దశావతారాలే మెరుగన్నాడు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామం పాఠాన్ని ఎత్తేసింది. ఇన్ని జరిగాక టీ అంగడిలో ఒక మనిషి గొంతు పెంచితే తప్పు పట్టలేం. చిక్కల్లా, సారు దిద్దే తీరులోనే ఉంది. ఆయన చెప్పే ఉమ్మడి పూర్వీకుడు రేపు ప్రాణంతో రాజంపేటలో దిగితే ఊరంతా దాన్ని కోతి అనే అంటుంది, అరటితోట యజమాని కర్ర కూడా తీస్తాడు. అంటే ఎదుటివాడు మొరటుగా అన్నదాన్నే సారు మర్యాదగా చెప్పి, వేరే మాట చెప్పానని తృప్తిపడుతున్నాడు. ఆపైన విషయం బాగా బోధపడాలని, బల్ల పక్కన నడుము వంచి నిలబడి, అడుగు అడుగుకీ కాస్త కాస్త లేస్తూ, చివరికి చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడి చూపిస్తాడు. మెట్టు మెట్టుగా పైకెక్కి మనిషి దగ్గర ముగిసే వరస ఇది. దశావతారాలవాళ్లు చెప్పేదీ ఇదే వరస. వాళ్లు చేపతో మొదలుపెడతారు, సారు కోతితో మొదలుపెడతాడు, అంతే తేడా.

డార్విన్ ఇంత తొందరపడలేదు. 1859లో వచ్చిన 'జాతుల పుట్టుక'లో మనిషి ఊసు దాదాపుగా లేదు. మొదటి అధ్యాయం పెంపుడు పావురాలతో, పశువులతో నిండిపోయి ఉంటుంది. పావురాలను పెంచేవాళ్లు ఏ లక్షణాన్ని ఏరి ఎలా నిలుపుకుంటారో చూపించి, ఆ ఏరుడు ప్రకృతిలో ఎవరి చేతి పనీ లేకుండానే జరుగుతోందని వాదించాడు. మనిషి పుట్టుక మీద పుస్తకం పన్నెండేళ్లు ఆగి, 1871లో గానీ వేయలేదు. మన సారు ఆ రెండో పుస్తకంతో మొదలుపెట్టి, మొదటి పుస్తకం దాకా ఎప్పటికీ రాడు. దాఖలాలు చూపమంటే గాలపాగోస్ పిచ్చుకల దగ్గరికి పోతాడు. కనుచూపు మేరలో ఉన్న శేషాచలం రాళ్ల సందుల్లో బంగారు బల్లి ఉంది. ప్రపంచం మొత్తం మీద ఆ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమలది, రెండోది శ్రీలంకది. సముద్రానికి ఈవలా ఆవలా ఈ చుట్టరికం ఎలా కలిసిందని అడిగితే పాఠం తనంతట తానే నడుస్తుంది. కానీ బల్లి గురించి ఎవరూ కొట్లాడరు, అందుకే సారుకు అది పనికిరాదు.

అసలు విచిత్రం పక్క బల్ల మీద జరుగుతుంది. జమ్మలమడుగు వైపు నల్లరేగడి నుంచి పెళ్లి పని మీద వచ్చిన పత్తి రైతు, "ఎంత మందు కొట్టినా పురుగు సావడంల్యా, అలవాటు పడిపాయ" అంటాడు. పరిణామం గురించి ఆ పూట అక్కడ పుట్టిన అతి ఖరీదైన అపార్థం అదే. సారు చెవికి మాత్రం అది ఎక్కదు, అందులో కోతి లేదు కాబట్టి. పురుగుకు మందు అలవాటు కాదు. చచ్చేవి చచ్చాక, పుట్టుకతోనే తట్టుకోగల ఒకటీ అరా మిగులుతాయి, తర్వాతి పంట మీద పడేది వాటి సంతానమే. తనలోనే పురుగును చంపే ప్రోటీన్ చేసుకునే బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లో బయటపడింది. 2006లో రెండు ప్రోటీన్ల రకం వచ్చింది, పదేళ్లు తిరక్కముందే దానికీ అదే గతి పట్టింది. ఇది జరుగుతుందని ముందే తెలిసి, 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం కూడా ఇచ్చారు. పొలం చుట్టూ కనీసం ఐదు వరసలు అవి వేస్తే, విషం తగలని పురుగులు అక్కడ బతుకుతాయి. తట్టుకున్న ఆ ఒకటీ అరా వాటితో జతకడితే పుట్టే పిల్లలు ఎక్కువగా మళ్లీ చచ్చే రకమే అవుతాయి. పురుగుకు అలవాటైందని నమ్మే మనిషికి ఇదంతా పిచ్చిపనిలా కనబడుతుంది. డబ్బిచ్చి కొన్న చేలో పురుగును మేపమంటారేమిటి? పొట్లం గట్టు మీదే ఉండిపోయింది.

రైతుకు సిద్ధాంతం ఎందుకు, మందు మారిస్తే చాలదా అంటారు. మార్చిన మందు ముందు కూడా అదే ఏరుడు మొదలవుతుంది, గడువు కొంచెం పెరుగుతుంది అంతే. తెలియకే ఆ పొట్లం వేయలేదనడం అన్యాయం అనేవాళ్ల మాటలో మాత్రం బలం ఉంది. రెండెకరాల వాడు ఐదో వంతు పురుగుకు వదులుకోవాలంటే చేతులు రావు. కానీ నష్టాన్ని లెక్క వేసుకోవాలన్నా ముందు కారణం తెలియాలి. కోతి సంగతి తేలకుండా పురుగు సంగతి ఎలా నమ్ముతారని సారు అడగొచ్చు. తిరగేసి చూస్తే తేలిగ్గానే నమ్ముతారు. గులాబీ పురుగు ఎవరి తాత ముత్తాతల పరువూ తీయదు. మందు పనిచేయడం లేదన్న సంగతి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు, ఎందుకో చెప్తే చాలు.

ఎవరూ ఆ పొట్లం వేయడం లేదని తేలాక, రెండు రకాల గింజలనూ ఒకే సంచిలో కలిపి అమ్మే పద్ధతి తెచ్చారు. నచ్చజెప్పే పనే లేకుండా చేసేశారు. రోజూ మూడు పేపర్లు తిరగేసే సారు ఈ వార్త చూసే ఉంటాడు. వ్యవసాయం పేజీలో వేసి ఉంటారు కనుక, సంబంధం లేదనుకుని తిప్పేసి ఉంటాడు.