జోన్ చూసి కొన్న ఇల్లు

వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ అని ఒక ప్రభుత్వ బడి ఉంది. పేరు పలికేలోపు పిల్లలు పెద్దవాళ్లయిపోతారు కనక అందరూ టీజే అంటారు. అక్కడ చదువుకి ఫీజు లేదు, సీటు దొరకడమే కష్టం. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో సత్యనారాయణ వ్రతం జరిగితే, ప్రసాదం కంటే ముందు ఈ బడి ఊసు వస్తుంది. తెచ్చేవాణ్ణి చాలాసార్లు నేనే.

బెజవాడలో హాస్టల్ గోడల మధ్య ఎంసెట్‌కి చదివినవాణ్ణి. ఎంట్రన్సు ఎక్కడుంటే చదువు అక్కడుంటుందని నా గట్టి నమ్మకం. ఫలానా మిడిల్ స్కూల్ నుంచి ఏటా బోలెడుమంది టీజేకి వెళ్తారని విని, 2019లో ఆ బడి కిందికి వచ్చే జోన్‌లో ఒక ఇరుకు టౌన్‌హౌస్ కొన్నాను. అంతకంటే తక్కువకే, కాస్త అవతల, పెరడున్న ఇల్లు వచ్చేది. మా ఆవిడ ఆ పెరడు మీద మనసు పడింది. "పెరడు మన పిల్లని టీజేకి పంపదు" అన్నాను. అప్పట్లో ఆ మాట నాకే చాలా తెలివిగా వినిపించింది. ఆరో తరగతి పిల్లని శనివారాలు కోచింగ్‌లో కూడా వేశాను.

2020 చివర్లో స్కూల్ బోర్డు ఎంట్రన్స్ పరీక్షనీ, వంద డాలర్ల అప్లికేషన్ ఫీజునీ ఎత్తేసింది. మార్కులూ, వ్యాసాలూ, పిల్లల ఇంటి పరిస్థితులూ చూస్తారట. పైగా ప్రతి మిడిల్ స్కూల్ నుంచీ ఎనిమిదో తరగతిలో ఒకటిన్నర శాతం మందికి సీట్లు కేటాయిస్తారట. అంటే, నేను పెదవి విరిచిన బళ్లకి సీట్లు ఖాయం. అప్పు చేసి దూరిన జోన్‌లో మాత్రం కొట్లాట. పెరడున్న ఇల్లు అలాంటి ఒక బడి కిందికే వస్తుంది. ఆ సంగతి మా ఆవిడ ఒక్కసారే అంది. రెండోసారి అనాల్సిన అవసరం లేకుండా అంది.

కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. కొత్త పద్ధతిలో ఆసియన్ అమెరికన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడిపోయిందని వాళ్ల గోడు. 2022 ఫిబ్రవరిలో జిల్లా జడ్జి వాళ్ల వైపు తీర్పిచ్చారు. 2023 మేలో అప్పీల్ కోర్టు దాన్ని తిరగేసింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఈ తేదీలు నాకు మా పెళ్లిరోజు కన్నా బాగా గుర్తు. న్యాయం ఎటుందని అడిగితే మాత్రం చెప్పలేను. నా బాధ న్యాయం గురించి కాదు, ఇంటి రేటు గురించి.

ఆ కేసు ఇంకా నడుస్తుండగానే అప్లికేషన్ పెట్టే రోజులొచ్చాయి. మా అమ్మాయి ఒక రాత్రి అడిగింది: "నాన్నా, అక్కడ రోజూ ఏం చేస్తారు?"

సీట్లు 480 నుంచి 550కి పెరిగాయని చెప్పగలను. ఏ బడి నుంచి ఎంతమందో చెప్పగలను. లోపల ఏం చేస్తారో తెలియదు. "ఫిజిక్స్ బాగా చెప్తారమ్మా" అన్నాను.

తనే వెతుక్కుంది. వారం తర్వాత అన్నం దగ్గర నాకు పాఠం చెప్పింది. 1985లో పెట్టారట. అదే పేరుతో ముందే ఉన్న మామూలు హైస్కూల్ భవనంలో, దాని "కలోనియల్స్" అనే జట్టు పేరు కూడా అలాగే ఉంచుకుని మొదలుపెట్టారట. పెద్ద పెద్ద కంపెనీలు సాయం చేశాయట. తొమ్మిదో తరగతిలో బయాలజీ, ఇంగ్లీషు, టెక్నాలజీ మూడూ కలిపి ఒకే గుంపుగా చదువుతారట. ఆఖరి ఏడు ప్రతివాళ్లూ ఏదో ఒక ల్యాబ్‌లో సొంత పరిశోధన చెయ్యాలి; సముద్రశాస్త్రానికీ, మెదడు మీద పరిశోధనకీ కూడా ల్యాబులున్నాయి. అక్కడి పిల్లలు ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన చిన్న ఉపగ్రహం టీజే3శాట్ 2013 నవంబరులో నిజంగానే అంతరిక్షంలోకి వెళ్లింది. హైస్కూల్ పిల్లలు చేసిన మొదటి ఉపగ్రహం అదేనట. ఏటా ఐ-నైట్ అని దేశదేశాల ఆటపాటల పండగ చేస్తారు. అన్నిటికంటే తనకి నచ్చింది ఎనిమిదో పీరియడ్: బుధవారం, శుక్రవారం బడి టైములోనే పిల్లలు నడుపుకునే క్లబ్బులు.

"వారానికి రెండుసార్లు క్లబ్బులా! ఆ టైములో స్టడీ అవర్ పెట్టొచ్చుగా" అన్నాను.

పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చింది. "బడి చాలా బాగుంది నాన్నా. కానీ నేను అప్లై చెయ్యను. నేను చేరితే నువ్వూ వచ్చి చేరతావు."

చెయ్యలేదు. అంతటితో ఊరుకున్నా పరువు దక్కేది. ఫలితాలొచ్చిన వారం ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో అడిగితే, "వెయిట్‌లిస్ట్‌లో పెట్టారండీ" అనేశాను. అసలు అప్లికేషనే పెట్టని పిల్లకి! ఆయన పాపం నా భుజం తట్టి, తొమ్మిదిలో ఉండగా మళ్లీ అప్లై చేసి పదిలో చేరే దారి కూడా ఉందని ఓదార్చాడు.

ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ తేదీలు అప్పటికే నా ఫోన్ క్యాలెండర్‌లో ఉన్నాయి, మా అమ్మాయి కంటపడకుండా "కారు సర్వీసు" అనే పేరుతో.