చిట్టెలుక పాలు మాన్పు సూత్రం (టీకా తాత్పర్య సహితం)

మూలం: కన్ను విచ్చిన గింజ కొరుకును, గింజ కొరికిన పాలు మానును, పాలు మానిన ఇల్లు విడుచును.

అవతారిక: అనంతపురం మెట్టచేలల్లో జూన్, జులై వానకు చెనిక్కాయ వేస్తారు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే సీమ. అదీ వేళకు కురిస్తే. కాయలు రాలగొట్టాక మిగిలిన కట్టెను పశువుల కోసం వామి వేస్తారు. ఎండాకాలంలో ఆ వామి తీస్తుంటే అడుగున పీచులతో అల్లిన గూడు, అందులో వేలికణుపంత ఎర్రటి పిల్లలు బయటపడతాయి. సూత్రం వాటి గురించే. దీనికోసం తాళపత్రాలు వెతకనక్కర్లేదు, వ్యాఖ్యానం రాయాలన్న ఉబలాటంతో ముందుగా మూలాన్ని పుట్టించారు. మూలంలో లేనిది రాయనని పట్టుబట్టిన వ్యాఖ్యాత కొలాచల మల్లినాథసూరి ఇందుకు ఒప్పుకోడు.

ప్రతిపదార్థం: కన్ను విచ్చిన = పుట్టిన 13, 14 రోజులకు రెప్పలు విడిన; గింజ = కొర్రో, రాగో, చెనిక్కాయ బుడ్డో, దొరికినది; కొరుకును = పాలు తాగుతూనే రుచి చూచును; పాలు మానును = 21వ రోజు ప్రాంతమున మానును; ఇల్లు = వామి అడుగు గూడు.

టీక: 'పాలు' అన్నచోట కాసేపు ఆగాలి. పుట్టినప్పుడు పిల్ల బరువు దాదాపు ఒక గ్రాము. చర్మం ఎంత పలచనంటే, తాగిన పాలు పొట్టలో తెల్లమచ్చగా బయటికే కనబడతాయి. ప్రయోగశాలల జంతుగృహాల్లో పనివాళ్ళు మొదట చూసేది ఈ మచ్చనే. మచ్చ లేకపోతే పిల్ల పస్తున్నట్టే. ఎలుకపాలలో కొవ్వు ఆవుపాలకు మూడింతల పైనే. జాలిపడి ఆవుపాలలో నీళ్ళు కలిపి పోసేవారు ఈ లెక్క గమనించాలి.

తల్లి పోయిన పిల్లను సాకడం మాటలు కాదు. ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. మేకపాలో, పిల్లికూనల పాలపొడో గోరువెచ్చగా కలిపి సన్నని కుంచె కొసన అందించాలి. వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి వారమంతా రెండు మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ. పాలు పట్టిన ప్రతిసారీ తడిదూదితో పొట్టకింద నిమరాలి. తల్లి నాకితేగానీ పసిపిల్ల మూత్రం పోయదు. ఈ చివరి సంగతి సూత్రకారుడు చెప్పలేదు. మర్యాదస్తుడు.

పూర్వపక్షం: ఈనిన 24 గంటల్లోపే తల్లి మళ్ళీ జతకడుతుంది గదా, చూలేమో 19 నుంచి 21 రోజులు గదా, అప్పుడు పెద్దవి పాలు మానే పూటకే చిన్నవి పుట్టి రెండు కాన్పులూ ఒకే రొమ్ముకు ఎగబడవా?

సమాధానం: ఎగబడవు. పాలిస్తున్న తల్లి కడుపులో పిండం గర్భాశయానికి అంటుకోకుండా కొన్నాళ్ళు ఆగుతుంది. తాగే పిల్లలు ఎక్కువైతే ఆ ఆగడమూ పెరిగి, కాన్పు వాయిదా పడుతుంది. ఈ వాయిదా పద్ధతి తెలియకుండా మూడో పాదానికి అర్థం చెప్పబూనిన వ్యాఖ్యాతలుంటే వాళ్ళను నమ్మరాదు.

విశేషం: 'గింజ' అని ఊరుకోవడం సూత్రకారుడి లోపం. చెనిక్కాయకు ఊడలు దిగి కాయ ఊరే వేళ వాన ముఖం చాటేస్తే, బెట్టకు గురైన కాయలోకి ఆస్పర్జిల్లస్ బూజు చేరి అఫ్లాటాక్సిన్ విషం పుట్టిస్తుంది. ఈ సీమకు అది కొత్త కాదు. ఎదిగిన చిట్టెలుక ఆ విషాన్ని చాలావరకు తట్టుకుంటుంది, పసిపిల్ల తట్టుకోలేదు. సాకేవారు ముడుచుకున్న, బూజు వాసన కొట్టే బుడ్డను పారేసి, నానిన కొర్రలు గానీ, మెత్తని రాగిముద్ద గానీ పెట్టడం మేలు.

పాఠాంతరం: 'ఇల్లు విడువదు' అని వేరొక పాఠం (అదీ ఇప్పుడే పుట్టింది). రెండూ చెల్లుతాయి. మగపిల్లలు ఎక్కువగా గూడు వదిలి వేరే దారి చూసుకుంటాయి. ఆడపిల్లలు తరచు పుట్టినచోటే ఉండిపోయి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు తామూ చూలు కట్టగలవు. అక్కచెల్లెళ్ళు పిల్లలను ఒకే గూట్లో కలిపేసి, ఎవరి బిడ్డని అడగకుండా అన్నిటికీ పాలిస్తాయి.